పదమూడు అడుగుల గుడ్డు బండి గురించి నా చివరి మాట

కెనడా దేశం, మానిటోబా రాష్ట్రం, విన్నిపెగ్ సరస్సు పడమటి ఒడ్డున, గిమ్లీకి ఉత్తరాన ఉన్న సొంత ఇంట్లో కాపురముంటున్న ఐనార్ థోర్లక్సన్ అనే నేను, వయసు డెబ్బై తొమ్మిదేళ్ళు, వృత్తి పడవల మరమ్మతు, స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా బుర్ర బాగానే పనిచేస్తోంది. చెడిపోయినవి ఊపిరితిత్తులు. నలభై ఏళ్ళు ఫైబర్ గ్లాస్ పొడి పీల్చినవాడికి అవి ఇంతకాలం నిలవడమే ఎక్కువని డాక్టరమ్మ అంది. వచ్చే వసంతం దాకా ఉంటే ఉంటాను.

ఇదివరకు వకీలు చేత రాయించిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో తప్పేమీ లేదు. కాని నాలుగు పేజీల్లో నా భార్య పౌలీన్ పేరు ఒక్కసారే వచ్చింది, అదీ మరణించిన వ్యక్తిగా. అందుకని మళ్ళీ నా చేత్తోనే రాస్తున్నాను.

1. ఈ వీలునామాకు అమలుదారుగా నా స్నేహితుడు వాల్టర్ కోస్తిక్‌ను నియమిస్తున్నాను. ఈ సంగతి చెప్పగానే, "ఏరా ఐనార్, బతికుండగా నీ పడవలు మోయించావు, పోయాక నీ కాగితాలు కూడా మోయాలా?" అన్నాడు. మోయాలి. అందుకు ప్రతిఫలంగా, చలికాలంలో సరస్సు గడ్డకట్టాక మేమిద్దరం కూర్చుని చేపలు పట్టిన చెక్క గుడిసె, లోపలి పొయ్యితో సహా, అతనికి చెందుతుంది. ఆ పొయ్యి తలుపు గట్టిగా మూయకూడదని అతనికి వందసార్లు చెప్పాను. ఇది నూట ఒకటోసారి.

2. నా ఇల్లు, స్థలం, బ్యాంకులో ఉన్నది సర్వహక్కులతో నా ఒక్కగానొక్క కూతురు కార్లాకు చెందాలి. కార్లా బ్రాండన్‌లో బడిపంతులమ్మ. వాళ్ళ అమ్మ పోయినప్పటినుంచి ఈ గడప తొక్కలేదు. క్రిస్మస్ రోజున ఫోన్ చేసి, మందులు వేసుకుంటున్నావా అని అడిగి పెట్టేస్తుంది. ఆమెది తప్పని నేను ఎక్కడా అనలేదు, ఇక్కడా అనడం లేదు. ఇల్లు అమ్ముకుంటానంటే అమ్ముకోనివ్వండి, ఎవరూ నీతులు చెప్పవద్దు.

ఇల్లు గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా ఇంటి వెనక, స్ప్రూస్ చెట్ల కింద ఉన్న ట్రైలర్ గురించే. దాన్ని కార్లా తీసుకోవాలని నా కోరిక. తీసుకుంటుందన్న నమ్మకం మాత్రం లేదు. ఈ కాగితం ముఖ్యంగా అందుకోసమే.

3. నా పద్దెనిమిది అడుగుల పడవ మా పెదనాన్న కొడుకు బాల్డుర్‌కు ఇస్తున్నాను. నేను బాగుచేసిన పడవలు కారతాయని ముప్పై ఏళ్ళుగా హోటల్లో కూర్చుని అందరికీ చెబుతున్నాడు. సరస్సు మధ్యదాకా తీసుకెళ్ళి చూసుకోమనండి.

4. పౌలీన్ బంగాళదుంప కూరి మడిచే పెరోగీలు ఒత్తుకునే పెద్ద చెక్క, అప్పడాల కర్ర, అన్నిటికన్నా పెద్ద గిన్నె, చర్చి కింది వంటగదిలో పనిచేసే ఆడవాళ్ళకు. ఆమె అంత్యక్రియల రోజున రెండు వందల మందికి వండిపెట్టారు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

5. ఇక ట్రైలర్ సంగతి.

కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు ఇది. పైన ఒక ఫైబర్ చిప్ప, కింద ఒక చిప్ప, నడుమ అతుకు. చూడటానికి గుండ్రంగా ఉంటుంది కాబట్టి మా వైపు దీన్ని గుడ్డు అంటారు. కొత్తవి దొరకవు. యాభై ఏళ్ళనాటివే చేతులు మారుతూ తిరుగుతుంటాయి. ఎవరి పెరట్లోనో అమ్మకానికి ఉందని తెలిస్తే మనమే వెళ్ళి చూసుకోవాలి.

పౌలీన్ ఇరవై ఆరేళ్ళు బడి బస్సు నడిపింది. పిల్లలను దింపి ఖాళీ బస్సుతో అదే దారిన తిరిగొచ్చేది. రిటైరైన రోజున, "ఒక్కసారైనా సాయంత్రం నాలుక్కి వెనక్కి తిరగని ప్రయాణం చెయ్యాలి ఐనార్. గుడ్డు ఒకటి కొందాం. సముద్రం దాకా పోదాం," అంది. ఆమె డాఫిన్‌లో పుట్టి పెరిగింది, సముద్రం ఎన్నడూ చూడలేదు.

ఎనిమిదేళ్ళు వెతికాం. శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ, కోడిగుడ్డు పెట్టిన బ్రెడ్డు కట్టుకుని బయలుదేరేవాళ్ళం. పాత ట్రైలర్ చూడటానికి కూడా ఆమె లిప్‌స్టిక్ వేసుకునేది. "పెళ్ళిచూపులకి పోతున్నావా?" అని ఏడిపిస్తే, "మరి వాళ్ళు కూడా మనల్ని చూస్తారుగా," అనేది. అది నిజమే. గుడ్డు ఉన్నవాళ్ళు ఎక్కువ డబ్బిచ్చినవాడికి అమ్మరు. కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, ఎక్కడికి తీసుకెళ్తారు, ఎవరెవరు పడుకుంటారు అని అడుగుతారు. మనిషి నచ్చితేనే తాళంచెవి చేతిలో పెడతారు. ఈ వరస నాకు పిచ్చితనంగా తోచేది.

ఒకదాంట్లో ఎలుకలు సంసారం పెట్టుకున్నాయి. ఒకదాంట్లో పరుపు కింద పుట్టగొడుగులు మొలిచాయి, ఆ పక్కనే నిలబడి యజమాని చుక్క నీరు కారదని ప్రమాణం చేశాడు. ఇవి నేను వద్దనడం న్యాయమే. కాని మిగతావాటిని చక్రాల ఇరుసు వాలిందని, తలుపు ఒరుసుకుంటోందని, కిటికీ రబ్బరు చీలిందని వద్దన్నాను. ఇవన్నీ నా చేతిలో రెండు రోజుల పని. చెయ్యగలవాణ్ణి కాబట్టే లోపాలు అందరికంటే ముందు నాకే కనపడేవి. ప్రతిదాంట్లోనూ పౌలీన్ ఆ చిన్న బల్ల దగ్గర కాసేపు కూర్చుని, నేను తల అడ్డంగా ఊపగానే లేచి వచ్చేసేది.

6. 2011 మే నెలలో వింక్లర్ దగ్గర మిసెస్ డూక్ పొలానికి వెళ్ళాం. ఆమె భర్త జేకబ్ అంతకుముందు చలికాలంలో పోయాడు. గుడ్డు శుభ్రంగా తుడిచి ఉంది. పౌలీన్ లోపలికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. నేను తల ఊపినా లేవలేదు. కిటికీలోంచి పొలం చూస్తూ అలాగే ఉండిపోయింది.

పాత వస్తువు కొనేటప్పుడు వంకలు పైకి చెప్పి ధర తగ్గించుకోవడం మా నాన్న నాకు నేర్పిన పద్ధతి. నేను దబ్బనం తీసి, మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా గుచ్చి చూశాను. లేచి, "నేల మెత్తబడిందండీ. లోపల చెక్క పుచ్చిపోయింది. మొత్తం తీసి వెయ్యాలి. మూడొందలు తగ్గించుకోండి," అన్నాను.

మిసెస్ డూక్, "ఆ నేల మా ఆయన వేశారు. పోయిన వేసవిలో, ఆయాసపడుతూ, రోజుకో పలక," అంది. తర్వాత, "మీకు అమ్మనండి. కాఫీ తాగి వెళ్ళండి," అంది.

కాఫీ తాగలేదు. కారులో పౌలీన్, "పోనీలే. పుచ్చిన నేలతో ఏం చేసుకుంటాం. ఇంటికి పోదాం పద," అంది. మళ్ళీ ఏ శనివారమూ లిప్‌స్టిక్ వేసుకోలేదు. సెప్టెంబరులో జబ్బు బయటపడింది. ఫిబ్రవరిలో పోయింది.

7. అంత్యక్రియలు అయ్యాక, చర్చి కింద భోజనాల దగ్గర కార్లా నన్ను పక్కకు పిలిచింది. "మిసెస్ డూక్ వారానికే అమ్మకి ఫోన్ చేశారు నాన్నా. మీరొక్కరూ వచ్చి తీసుకెళ్ళండమ్మా, ఆయనకి అమ్మను గాని మీకు అమ్ముతాను అన్నారు. అమ్మ వద్దంది. ఎందుకో తెలుసా? నువ్వు చిన్నబోతావని. ఆమెకి గుడ్డు కావాలి. నీకు నెగ్గడం కావాలి," అంది. తన కోటు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి నేను ఆ మాటతోనే లేస్తున్నాను, ఆ మాటతోనే పడుకుంటున్నాను.

మంచు కరిగాక వింక్లర్ వెళ్ళాను. గుడ్డు అమ్ముడుపోయింది. మిసెస్ డూక్ ఈసారి కూడా కాఫీ ఇచ్చింది, కొన్నవాళ్ళ పేరు రాసిచ్చింది. "ఆ బల్ల దగ్గర మీ ఆవిడకి లేవబుద్ధి కాలేదండీ. అది చూసే ఫోన్ చేశాను," అంది. అది నలుగురి చేతులు మారింది. మూడేళ్ళు తిరిగి, సెయింట్ రోజ్ దగ్గర ఒక పశువుల రైతు పెరట్లో పట్టుకున్నాను. ఇరుసు వాలింది, కిటికీ చీలింది. అతను అడిగింది ఇచ్చేశాను.

8. సదరు ట్రైలర్, 1973లో తయారైనది, పదమూడు అడుగులది, నా కూతురు కార్లాకు ఇస్తున్నాను. ఇరుసు మార్చాను. కిటికీలు, తలుపు సరిచేశాను. నేల ముట్టుకోలేదు. బల్ల కింద పెట్టెలో, దిండు గలీబులో పసుపుపచ్చ కర్టెన్లు ఉన్నాయి. గుడ్డు దొరకకముందే, మేం చూసిన ఎవరిదో గుడ్డు కిటికీ కొలతలు తీసుకుని పౌలీన్ కుట్టి పెట్టుకున్నవి. అవి సరిపోతాయి. కొలిచి చూశాను గాని తగిలించలేదు, ఆ పని నాది కాదు. నేను అందులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

కార్లా వద్దంటే, దాన్ని వాల్టర్ ఒక డాలరుకు అమ్మాలి. కాఫీ ఇచ్చి, ఎక్కడికి తీసుకెళ్తారో అడగాలి. బల్ల దగ్గర కూర్చున్న మనిషికి లేవబుద్ధి కాకపోతే వాళ్ళకే ఇవ్వాలి. వంకలు పెట్టేవాడికి ఎంతిచ్చినా ఇవ్వకూడదు.

9. కిందిది ఆస్తికి సంబంధించినది కాదు, వాంగ్మూలం. దీన్ని వాల్టర్ ముందుగా వింక్లర్ వృద్ధుల ఇంట్లో ఉన్న మిసెస్ డూక్‌కు, వినపడే చెవి దగ్గర కూర్చుని, చదివి వినిపించాలి. తర్వాత కార్లాకు.

ఆ రోజు దబ్బనం దిగలేదు. తలుపు దగ్గర గుచ్చాను, బల్ల కింద గుచ్చాను, చక్రాల పైన గుచ్చాను. ఎక్కడా దిగలేదు. నలభై ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, అంత చక్కటి నేల నేను ఎక్కడా చూడలేదు. చూస్తూనే తెలిసింది. తెలిసే పుచ్చిందన్నాను, మూడు వందల డాలర్ల కోసం.

పౌలీన్ నన్ను నమ్మింది. జనవరిలో ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "మంచి పనే చేశావులే ఐనార్. పుచ్చిన నేల మీద ఎలా పడుకునేవాళ్ళం," అంది. నేను అవునన్నాను. ఆమె బతికుండగా నాకింకా ఐదు వారాలు ఉన్నాయి. రోజూ ఆ మంచం పక్కనే కూర్చున్నాను. చెప్పలేదు.

కార్లా, నీకు తెలిసింది సగమే. నువ్వు అన్నదానికంటే నేను చెడ్డవాణ్ణి. నన్ను క్షమించమని అడగను, ఆ మాట అడగవలసిన మనిషి లేదు. మీ అమ్మ కోరుకున్నది గట్టి వస్తువు, అందులో ఆమె పొరపాటు ఏమీ లేదని నీకు తెలియాలి.

వాల్టర్, ఇది చదివాకే తాళంచెవి ఆమె ముందు పెట్టు. తీసుకోకపోతే బతిమాలకు.

2019 అక్టోబరు 17, గురువారం.

(సంతకం) ఐనార్ థోర్లక్సన్

పై ఐనార్ థోర్లక్సన్ మా కళ్ళెదుట, తెలివితో ఉండి, ఈ కాగితం తానే పైకి చదివి సంతకం చేశాడు. తొమ్మిదో అంశం దగ్గర ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఇందులో మాకేమీ రాదు.

సాక్షులు:
లోర్నా పెట్రిషిన్, పోస్టాఫీసు గుమాస్తా
డెన్నిస్ మక్కే, చేపల షెడ్డు మేస్త్రీ