రాళ్ల నేలకు జరిగిన ఇళ్లు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది నిండింది.

ఇక్కడ గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో నేను పనిచేసే ఖర్జూర తోటలో కొత్త ఇళ్లు కడతామని నిరుడు హద్దు గుర్తులు పాతారు. తోట యజమాని, మా ముసలి అర్బాబ్, మున్సిపాలిటీ చుట్టూ తిరిగాడు. ఇళ్లు రాళ్ల నేలలో కట్టుకొమ్మని, పండే నేలను వదిలెయ్యమని అడిగాడు. నిన్న ప్లాను మార్చారు. తోట ఇక తోటగానే ఉంటుందట.

మన ఊరి గ్రామసభలో నువ్వూ అదే అన్నావు. "ఇండ్లు గుట్ట దిక్కు కట్టుకోండ్రి, మడికట్లు ముట్టకుండ్రి" అంటే అందరూ నవ్వారు. చుట్టుపక్కలవాళ్లు అమ్మేశాక మన వరిమడి కూడా ప్లాట్లలో కలిసిపోయింది.

అర్బాబ్ మిఠాయి పంచాడు. తోటివాళ్లు "ముబారక్" అంటూ ఆయన్ను వాటేసుకున్నారు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. ఆయన మాట విన్నవాళ్లున్నారు, తోట మిగిలింది, చూసుకోవడానికి ఆయనా మిగిలాడు.

నా భుజం మీద చెయ్యి వేసి, "తుమ్హారా భీ ఖేత్ హై?" అని, నీకూ పొలముందా అని అడిగాడు.

ఉందన్నాను. మా అక్క చూసుకుంటుందని, ఈసారి నాట్లు కూడా బాగా పడ్డాయని నాకొచ్చిన హిందీలో చెప్పాను.