నూటికి తొంభై రెండు

తేదీ పదకొండు, ఆదివారం ఉదయం

చిరంజీవి అమ్మడికి,

నాన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మకి మోకాలి నొప్పి, చెల్లికి పరీక్షల భయం, నాకు నోటి దురుసు. ఇవి తప్ప ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. నువ్వూ కులాసాగా ఉన్నావనీ, వేళకి తింటున్నావనీ అనుకుంటున్నాను.

ఫోన్లో చెబుదామంటే నీకు రెండు నిమిషాలకే క్లాసు గుర్తొస్తుంది. మొన్న సెలవులకొచ్చి కూడా నాలుగు రోజులే ఉన్నావు. పోనీలే, చదువుకునే పిల్లవి. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని కూర్చుని రాస్తున్నాను.

విషయం మీ స్కూలు గురించి. గేటు పక్క గోడకి ఈ ఏడాది కొత్త బోర్డు పెట్టారు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు, మనిషంత ఎత్తు. మా విద్యార్థుల్లో నూటికి తొంభై రెండు మంది కాలేజీల్లో చేరారు అని రాసుంది. కింద ఇంకే వివరం లేదు.

నాన్న సంగతి నీకు తెలుసుగా. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి. ప్రతి లిఫ్టులో ఒక తనిఖీ కార్డు ఉంటుంది. ఫలానా తేదీన చూశాం, అంతా బాగుంది, కింద సంతకం. పైకెక్కి మెషిన్ గది తలుపు చూస్తే గడియ మీద ఏడాది దుమ్ము. సంతకం మాత్రం పోయిన వారానిది! అలాంటివి లెక్కలేనన్ని చూశాను. అందుకే అంత నున్నటి అంకె కనిపిస్తే నాకు మింగుడుపడదు. అమ్మేమో, మీ నాన్న పాలు పొంగినా ఎవరు పొంగించారని అడుగుతాడు అంటుంది. అననీ.

చెల్లి వచ్చే ఏడు పన్నెండో తరగతి కదా. ప్రైవేటు స్కూలు వాళ్ళ మనిషొకడు మన వీధిలో ఇల్లిల్లూ తిరిగి రంగురంగుల పుస్తకం పంచాడు. వాళ్ళ పిల్లలు ఎవరెవరు ఏ కాలేజీలో చేరారో ఫొటోలతో సహా వేశారు. అమ్మ మనసు కాస్త అటు లాగింది. సరిగ్గా అప్పుడే చెల్లి ఆ నీలం బోర్డు చూసొచ్చి, తొంభై రెండు మంది చేరారు సరే, ఎక్కడ చేరారు నాన్నా అని అడిగింది. ఠక్కున నీ పేరూ నీ ఇంజనీరింగ్ కాలేజీ పేరూ చెప్పాను. ఇంకొకళ్ళది చెప్పమంది. నాకు తెలిస్తే కదా!

మర్నాడే పని మధ్యలో వీలు చేసుకుని స్కూలు ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా నా వైపు కూడా చూడకుండా, రాసివ్వండి అన్నాడు. రాసిచ్చాను. వారం తర్వాత వెళ్తే హెడ్మాస్టర్ గారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆ వివరాలన్నీ పై ఆఫీసులో ఉన్నాయండీ అన్నారు. పై ఆఫీసుకి వెళ్తే అక్కడి ఆవిడ, మాకు వచ్చేది శాతం ఒక్కటేనండీ, పేర్లూ కాలేజీలూ స్కూల్లోనే ఉంటాయి అంది. పై అంతస్తుకీ కింది అంతస్తుకీ తిరగడం నాకు కొత్త కాదు గానీ, ఏ అంతస్తులోనూ తలుపు తెరుచుకోకపోవడం మాత్రం ఇదే మొదటిసారి. అడిగిన దానికి బదులు చెప్పకుండా టీ ఇచ్చేవాళ్ళని అసలు నమ్మకూడదు.

ఈ మాట మందుల షాపావిడతో అంటే ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువ చదివింది. వాళ్ళబ్బాయి చెల్లి క్లాసే. ఒకే పిల్లాడు మూడు కాలేజీలకి దరఖాస్తు పెడితే ముగ్గురని లెక్కేసుంటారండీ అంది. లేకపోతే చివరి రోజు పిల్లల్ని వరసగా నిలబెట్టి, చేరేవాళ్ళు చెయ్యెత్తండి అనుంటారు, ఎత్తిన చేతులే శాతమై ఉంటుంది అని కూడా అంది. ఇద్దరం కలిసి ముప్పై ఒక్క మంది తల్లిదండ్రుల సంతకాలు సేకరించాం. పోయినేడు బయటికెళ్ళిన నూట పాతిక మందీ ఎక్కడ చేరారు, ఇప్పటికీ అక్కడే చదువుతున్నారా, ఈ రెండే మా ప్రశ్నలు. పిల్లల పేర్లు కూడా మాకక్కర్లేదని రాశాం.

ఇక మీ టీచరమ్మ సంగతి. పై చదువుల గురించి సలహాలిచ్చే ఆవిడే, నీ దరఖాస్తు దగ్గరుండి నింపించిన ఆవిడ. నిన్ను ఎంతో మెచ్చుకునేది కదా, ఆవిడైతే సాయం చేస్తుందని మేడమీద ఆవిడ గదికి వెళ్ళాను. నన్ను చూడగానే లేచి తలుపు దగ్గరకి వేసింది. అదేమిటో నాకు అర్థం కాలేదు. నేను జాబితా గురించి అడిగితే ఆవిడ నీ గురించి అడిగింది. మీ పెద్దమ్మాయి ఎలా ఉంది, ఇంటికి వస్తోందా, అన్నీ చెబుతోందా అని. దివ్యంగా ఉందండీ, మొదటి ఏడు అయిపోవచ్చింది అన్నాను. ఆవిడ టేబుల్ మీద కాగితాలు సర్దుతూ, ఈ జాబితా మీరు అడక్కపోతేనే మంచిది, మీ మంచికే చెబుతున్నా అంది.

మీ మంచికే! ఆ మాట వెనక ఏముంటుందో నాకు తెలీదా అమ్మడూ? చెల్లి ఇంకో ఏడాదిపైన అక్కడే చదవాలి. దాని మార్కులు వీళ్ళ చేతుల్లో ఉన్నాయి. అది బెదిరింపు కాకపోతే మరేమిటి? మెట్లు దిగుతూనే ఒక నిర్ణయానికొచ్చేశాను. పైగా ఆ మధ్య ప్రైవేటు కాలేజీ వాళ్ళ కారొకటి స్కూలు ముందు ఆగి ఉండగా చెల్లి చూసిందట. రెండూ రెండూ కలిపితే ఎంతో నాకు తెలుసు అనుకున్నాను.

మొన్న శుక్రవారం స్కూలు హాల్లో మీటింగు పెట్టించాం. యాభై మంది దాకా వచ్చారు. హెడ్మాస్టర్ గారు చదువు విలువ మీద పావుగంట మాట్లాడారు. నేను లేచి, అయ్యా, ఉపన్యాసం కాదు, జాబితా కావాలి అన్నాను. ఆయన మళ్ళీ పై ఆఫీసు మాటే ఎత్తారు. నాకు ఒళ్ళు మండింది. టీచరమ్మ వైపు చెయ్యి చూపించి, జాబితా ఈవిడ దగ్గరుంది, ఈవిడే దాస్తోంది, అడగొద్దని నన్ను గదిలో పెట్టి బెదిరించింది, ఏ కాలేజీ వాళ్ళతో ఏం లాలూచీ ఉందో ఈవిడే చెప్పాలి అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. హాలంతా గోలగోల. ఆవిడ లేచి నిలబడింది. ఏదో అనబోయి, నా వైపే చూసి ఆగిపోయింది. తప్పు చేసినవాళ్ళు అలాగే ఆగిపోతారు అని మందుల షాపావిడ నా చెవిలో అంది. ఇంటికొచ్చాక అమ్మ మాత్రం, ఆడమనిషిని పదిమందిలో అంత మాట అంటారా అని నన్ను రాత్రి దాకా సాధించింది.

మొత్తానికి గొడవ పనిచేసింది. మంగళవారం జాబితా ఇస్తామని హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం, పద్దెనిమిదో తేదీన, దాన్ని అందరి ముందూ నేనే చదవాలని తీర్మానించారు.

నీతో ఒక చిన్న పని. మీ బ్యాచిలో ఎవరెవరు ఎక్కడున్నారో నీకు తెలిసినంతవరకు రాసి పంపు. వాళ్ళిచ్చే కాగితంతో సరిచూసుకుంటాను. మీ కాలేజీకి మన స్కూలు నుంచి నువ్వొక్కదానివే వచ్చావన్నావు కదా, ఆ వరుస ఎలాగూ నాకు తెలుసు. నేను వెళ్ళే ప్రతి బిల్డింగులో వాచ్‌మన్‌కి కూడా తెలుసు!

అమ్మ జాగ్రత్తలు చెప్పమంది. ఒంట్లో బాగుండకపోతే దాచకు.

ఇట్లు,
నీ మేలు కోరే
నాన్న


తా.క. తేదీ పద్నాలుగు, బుధవారం మధ్యాహ్నం.

పైదంతా ఆదివారం రాసింది. జాబితా వచ్చాక దాని సంగతి కూడా రెండు ముక్కలు చేర్చి పోస్టు చేద్దామని ఆపాను. ఇందాక దాన్ని చింపేద్దామనుకున్నాను. కానీ నేనెలాంటి మనిషినో నువ్వు కూడా చూడాలి. అందుకే ఉన్నదున్నట్టు పంపుతున్నాను.

నిన్న జాబితా వచ్చింది. నాలుగు పేజీలు. పేర్లు లేవు, కాలేజీల వారీగా ఎందరు చేరారు, ఏడాది తర్వాత ఎందరున్నారు అని. ముందు నేను వెతికింది నీ కాలేజీనే. కాస్త గర్వంగానే వెతికాను. ఆ పేరు ఉంది. చేరినవారు ఒకరు. ఏడాది తర్వాత, సున్నా.

చూడగానే నాకు సంతోషం వేసింది అమ్మడూ. దొరికారు దొంగలు అనుకున్నాను. మా అమ్మాయి అక్కడే చదువుతోంది, వీళ్ళు సున్నా రాశారు, అంటే కాగితమంతా బూటకమే. అది పట్టుకుని తిన్నగా మేడమీద టీచరమ్మ గదికి వెళ్ళి టేబుల్ మీద కొట్టాను. ఇదిగో సాక్ష్యం, దీనికేం చెబుతారు అన్నాను.

ఆవిడ ఈసారి కూడా లేచి తలుపు వేసింది. కూర్చోండి అంది. నేను కూర్చోలేదు. అప్పుడు చెప్పింది, నువ్వు చేరిన నాలుగో నెలలోనే కాలేజీ మానేశావని. కూర్చున్నాను.

మిగతాది కూడా ఆవిడే చెప్పింది. పక్కవాళ్ళంతా ల్యాబులో చకచకా చేసేస్తుంటే, నువ్వు ఆ పరికరాల్ని మొదటిసారి చూశావట. మన స్కూల్లో ల్యాబు గది తాళం తీసిన రోజే లేదట. అడిగితే నవ్వుతారని అడగలేదట. ఇప్పుడు పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని చేసుకుంటూ, సాయంత్రాలు చదువుకుంటూ, వేరే కోర్సుకి మళ్ళీ పరీక్ష రాయబోతున్నావట. ఇంట్లో నేనే చెబుతాను, అప్పటిదాకా మీరు చెప్పకండి అని ఆవిడ దగ్గర మాట తీసుకున్నావట. ఎందుకు చెప్పలేదు అంటే, నాన్న ఊరందరికీ చెప్పేసుకున్నాడు టీచర్, ఇప్పుడు వాళ్ళందరికీ ఏమని చెప్పుకుంటాడు అన్నావట.

తల కొట్టేసినట్టయింది. నీ మీద కోపంతో కాదు. నిజంగా ఒట్టు.

ఆ జాబితా తయారు చేసింది ఆవిడే. ఎవరూ అడక్కముందే ఏడాదిగా ఒక్కొక్క ఇంటికీ ఫోన్లు చేసి నిజం రాసుకుంది. బయటపెడదామంటే హెడ్మాస్టర్ గారే ఆపుతూ వచ్చారు. చేరారని బోర్డెక్కిన నూట పదిహేను మందిలో ఇప్పటికీ చదువుతున్నది డెబ్భై ఎనిమిది మందే. ఇరవై ముగ్గురు దరఖాస్తు పెట్టారు గానీ అసలు చేరనే లేదు. పద్నాలుగు మంది మధ్యలో మానేశారు. నా అనుమానం అంకె విషయంలో తప్పు కాలేదు. మనిషి విషయంలోనే తప్పింది. ఆ రోజు హాల్లో ఆవిడ నాకు బదులు చెప్పాలంటే నీ సంగతి చెప్పాలి. అందుకే యాభై మంది ముందు మాటపడి నోరు మూసుకుంది. క్షమించమని అడిగాను. అన్నది మీటింగులో కదా, అక్కడే అనండి అంది. న్యాయమే.

అమ్మకి చెప్పాను. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. తర్వాత, మరి పిల్ల ఎక్కడుంటోందట, భోజనం ఎక్కడ చేస్తోందట అని అడిగింది. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు చూడు. మళ్ళీ వెళ్ళి టీచరమ్మని నీ అడ్రసు అడిగాను. అమ్మాయిని అడక్కుండా చెప్పను అంది. అందుకే ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను, ఆవిడే పోస్టు చేస్తుంది.

ఆదివారం ఆ నాలుగు పేజీలూ నేనే చదువుతాను. టీచరమ్మకి అందరి ముందూ క్షమాపణ చెబుతాను. ల్యాబు తాళం ఎవరి దగ్గరుందని కూడా అడుగుతాను. నీతో ఒక్క మాట తేల్చుకోవాలి. మధ్యలో మానేసినవాళ్ళు పద్నాలుగు మంది అని చదివేటప్పుడు, అందులో ఒకరు మా అమ్మాయి అని చెప్పాలని నాకుంది. మిగతా పదమూడు మంది తల్లిదండ్రులు ఆ హాల్లో తలెత్తుకుని కూర్చుంటారేమోనని. కానీ అది నీ కబురు, నాది కాదు. ఆదివారంలోగా ఫోన్ చేసి నువ్వు చెప్పమంటేనే చెబుతాను. వద్దంటే, పద్నాలుగు అని చదివి, పేజీ తిప్పేస్తాను.