బోథ్‌కు చేరిన బొంత

చెల్లీ సరోజా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ కుట్టుమిషన్ పక్క సంచిలో మిగిలిన జాకెట్ ముక్కలతో, నేనూ నీ కూతురు సునీతా ఒక బొంత కుట్టాం. చలి ముదరకముందే బోథ్‌లోని ఆడపిల్లల హాస్టల్‌కు ఇవ్వాలనుకున్నాం. సునీత కుట్లు వంకర పోతే మూడుసార్లు విప్పించాను. నాలుగోసారి తను ఏడ్చింది.

"పెద్దవ్వా, గిట్ల ఇప్పుకుంట కూసుంటే సలికాలమే పోతది. హాస్టల్ల పిల్లలు వణుకుతుండ్రు!"

కత్తెర కింద పెట్టేశాను. మిగిలిన అంచు నేనే కుట్టాను. చూపు ఆనక నా వరస ఇంకా వంకర పోయింది.

"ఇప్పమంటవా?" అని సునీత పకపకా నవ్వింది. నువ్వు పోయాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

నిన్న బొంత తనే ఇచ్చి వచ్చింది. చెప్పులు విడుస్తూనే, "సంచిల ఇంక ముక్కలున్నయా?" అని అడిగింది.

ఉన్నాయన్నాను.

నీ అక్క