కట్టు కోసిన చెయ్యి

ప్రియమైన అక్కా,

పాపకి మత్తిచ్చి, జారిన తొడ ఎముకని తుంటి గూట్లో కూర్చోబెట్టారు. నడుం నుంచి మడమల దాకా సిమెంటు కట్టు. దాని మీంచి ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదని వెంటనే స్కాన్ తీశారు. డాక్టరమ్మ తెర మీద చూపించి, "ఇదిగో, బుద్ధిగా కూర్చుంది" అంది. అక్కడే ఏడ్చేశాను. కాళ్ళు ఎడంగానే ఉండాలట, దగ్గరికి తెస్తే మళ్ళీ జారుతుందట.

ఆయనకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. "ఆడపిల్ల కాళ్ళు బార్లా పెట్టుకుంటే చూసినవాళ్ళు నవ్వుతున్నారు. కట్టు తీసేస్తా" అన్నారు. వద్దన్నందుకు చెంప పగలగొట్టారు. పెదవి చిట్లింది. కంగారు పడకు, కోపం తగ్గితే మామూలే.

నీ చెల్లి

బంగారు తల్లీ,

మామూలేమిటే, నీ మొహం! వాడి చెయ్యి విరిచి పొయ్యిలో పెట్టాలి. మీ బావ జ్వరంతో మంచం పట్టారు, లేవగానే బయల్దేరతాను. అందాకా పాపని వాడి దగ్గర ఒక్క క్షణం వదలకు.

నీ కోసం ఉడికిపోతున్న అక్క

అక్కా,

నీ ఉత్తరం అందేలోపే అయిపోయింది. బట్టలు ఆరేసి వచ్చేసరికి గది గడియ వేసి ఉంది. లోపల రంపం చప్పుడు, పాప అరుపులు. భుజంతో గుద్ది గుద్ది గడియ ఊడగొట్టాను. కట్టు రెండు చెక్కలైంది. వాడు పాప మోకాళ్ళు పట్టుకుని దగ్గరికి నొక్కుతున్నాడు. "చూడు, ఎంత తిన్నగా వచ్చాయో!" అని నవ్వు ఒకటి. పాప తొడంతా రక్తం.

ఇస్త్రీ పెట్టె చేతికందింది. వాడి మణికట్టు మీద కొట్టాను. వదల్లేదు. మళ్ళీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నానక్కా. నాకు జాలి వెయ్యలేదు.

చెప్పుల్లేకుండా ఆసుపత్రికి పరిగెత్తాను. స్కాన్‌లో ఎముక గూట్లో లేదు. ఈసారి తుంటి దగ్గర కోసి ఎముకని కూర్చోబెట్టాలట. అదీ నిలవకపోతే నా బిడ్డ జన్మంతా కుంటాల్సిందే.

నీ చెల్లి

ప్రియమైన అక్కా,

నిలిచిందే! ఆపరేషన్ చేసి కొత్త కట్టు వేశారు. స్కాన్ తీసినంతసేపూ గది బయటే ఉన్నాను. డాక్టరమ్మ లోపలికి పిలిచి రెండు తుంట్లూ పక్కపక్కనే చూపించింది. సమానంగా ఉన్నాయి. పోలీసులకి అంతా చెప్పాను, ఇస్త్రీ పెట్టె సంగతితో సహా. వాణ్ణి అరెస్టు చేశారు.

వాడు బెయిలు మీద బయటికొచ్చి, ఇవాళ ఆసుపత్రి మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు విరిచిన చెయ్యి వంకరగా అతుక్కుంటోంది, తెలుసా? నోర్మూసుకుని ఇంటికి పద" అని రెండో చెయ్యెత్తాడు. నేను వెనక్కి జరగలేదు.

"ఎక్స్‌రే గది ఎడమ పక్కనే ఉంది. వెళ్ళి తీయించుకో. వంకరైతే మళ్ళీ విరిచి కడతారు" అన్నాను.

ఎత్తిన చెయ్యి దించుకున్నాడు.

రేపు మీ ఇంటికి వస్తున్నాం,
నేనూ, నా కూతురూ