రాగి అచ్చులు నేను అమ్మలేదు

పెకలోంగన్ దివాలా ఆస్తుల అధికారి గారి సముఖమునకు,

విషయం: దివాలా తీసిన హాజీ ముఖ్లస్ గారి గోదాములో సీలు వేయబడిన నా బాటిక్ అచ్చులను వేలం నుండి తప్పించి నాకు ఇప్పించుట గురించి.

అయ్యా,

1. తమరికి తెలియజేయునది ఏమనగా, నేను కీర్తిశేషులు తస్రిపిన్ గారి భార్యను. మైనంలో ముంచి బట్టమీద అద్దే ఆ రాగి అచ్చులు ఆయన స్వహస్తాలతో చేసినవి. వాటితోనే మా అద్దకం కొట్టం నడుస్తున్నది. నలుగురు ఆడవాళ్ళు దానిమీదే బతుకుతున్నారు.

2. మా బట్టంతా కొనేది ముఖ్లస్ గారే. కిందటి వానాకాలం సముద్రపు నీళ్ళు కొట్టంలోకి రాగా, అచ్చులను ఆయన వద్ద "తితిప్" చేశాను. మాలో తితిప్ అంటే, నీ దగ్గర ఉంచు, సొత్తు మాత్రం నాదే అని. "చీటీ రాసివ్వనా అక్కా?" అని ఆయనే అడిగారు. "చీటీ అడిగితే నిన్ను దొంగన్నట్టు కాదూ తమ్ముడూ!" అని నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

3. తమ కచేరీ గుమాస్తా గారు "ఏమ్మా, ముఖ్లస్ నుంచి నీకు రావలసిందేమైనా ఉందా?" అని అడిగారు. "ఉంది బాబూ, అచ్చులు రావాలి" అన్నాను. కాగితం ఇస్తే సంతకం పెట్టాను. అది అప్పులవాళ్ళ పట్టీ అట. అచ్చులకు ఖరీదు కట్టి నన్ను వరసలో నిలబెట్టారు. "ధర ఒప్పుకున్నావంటే అమ్మినట్టేనమ్మా. ఇక నీ వంతుకి ఎంతొస్తే అంతే" అంటున్నారు. అయ్యా, నాకు రావలసింది డబ్బు కాదు.

4. రాగిని తూకానికి వేలం వేస్తారని విన్నాను. ఒక్కో అచ్చుకు మా ఆయన నెలల తరబడి మెడ వంచుకుని కూర్చునేవారు. ఇప్పుడు మా ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి, ఉత్త చేతులతో కూర్చుని, టీ తాగి వెళ్ళిపోతున్నారు. "అన్న ఉంటే ఇట్లా జరగనిచ్చేవాడా వదినా?" అంది వాళ్ళలో ఒకతె, వార్సితి. నాకు ఏడుపు ఆగలేదు. ఇలాంటివి అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు.

5. కావున ఆ సంతకాన్ని రద్దు చేయ ప్రార్థన. ముఖ్లస్ గారినే విచారించండి, ఆయన అబద్ధమాడరు. మొన్న మా గుమ్మంలో నిలబడి తల ఎత్తలేదు. "నీవి కూడా పోగొట్టానే అక్కా" అన్నారు. అన్నం పెడితే ముట్టలేదు.

నా మొర ఇంతే. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రోఖిమా

పునశ్చ: ఈ అర్జీ అందేసరికే అచ్చులు కరిగించేసి ఉంటే, నా వంతు డబ్బు పంపకండి బాబూ. అది పుచ్చుకుంటే నేనే అమ్మినట్టవుతుంది.