నడిచినట్టు పెట్టిన టిక్కులు

అమ్మకు,

పెద్దది నమస్కరించి రాసేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ చెల్లీ బాగున్నారని నీ ఉత్తరంలో ఉంది. చదివి సంతోషించాల్సింది. సంతోషించలేకపోయాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. జ్వరం మళ్లీ రాలేదు. సూపర్‌వైజర్‌తో గొడవలు మానేశావా అన్నావు. మానలేదు. ముగ్గురు చెయ్యాల్సిన వార్డులో ఇద్దరమే ఉన్నాం. ఇంకొకర్ని వెయ్యండి అంటే, "నీకు నోరెక్కువ, చేతులు తక్కువ" అన్నాడు. "నోరు ఒకటే సార్, చేతులు రెండు. లెక్క తప్పింది మీరే" అన్నాను. పేషెంట్లు నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఇంకో నాలుగు మంచాలు ఎక్కువ పడ్డాయి.

డ్రైవరు తాత ఎలా ఉన్నాడని అడిగావు. బస్సులు నడిపి రిటైరైన మనిషి, నీలాగే తుంటి విరిగి ఆపరేషనైంది. ఆయన్ని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నాననీ, ఆయన కోడలు నా చేతులు పట్టుకుని "కన్నకూతురైనా ఇంత చెయ్యదు" అందనీ పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను. ఆ ఊపులోనే చెల్లిని తిట్టాను. "అమ్మను రోజూ వాకర్ పట్టించి నడిపిస్తున్నావా, నీ గుండె బండా? ఆసుపత్రిలో పనిచేసేదాన్ని చెప్తున్నాను, మంచం దిగనివ్వకు" అని. అది పాపం నా మాట విన్నది. వారం రోజులుగా మహారాణిలా పడుకునే ఉన్నాననీ, కుట్టుమిషన్ దగ్గర ఎప్పుడు కూర్చోవచ్చో చెప్పమనీ రాశావు.

ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇక మీద రాసేది సిగ్గు చంపుకుని రాస్తున్నాను.

తాతకు ఆపరేషనైన మర్నాడే హెడ్ నర్సు నాతో చెప్పింది. "మంచం నుంచి కిటికీ దాకా, మళ్లీ వెనక్కి. రోజుకు మూడుసార్లు. నువ్వు మొయ్యకు, పక్కన ఉండు చాలు." నడిపించిన ప్రతిసారీ టిక్కు పెట్టమని మంచానికి ఒక కాగితం తగిలించింది. ఆయన్ని కూర్చోబెట్టి, కాళ్లు దించి, కళ్లు తిరగడం తగ్గేదాకా ఆగి, వాకర్ పట్టించి తిప్పి తేవాలంటే అరగంట. "తొందరేముంది తల్లీ, బండి ఫస్ట్ గేరులో ఉంది" అనేవాడు. అయినా కిటికీ దాకా పదకొండు అడుగులు వేసేవాడు. రెండు రోజులు ఓపిక పట్టాను. మూడో రోజు అవతల మంచం మీద ఒకాయన వాంతి చేసుకుంటుంటే, ఈయన నాలుగో అడుగు దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకుంటున్నాడు. ఒళ్లు మండింది. ఎత్తుకొచ్చి పడుకోబెట్టాను. టిక్కు పెట్టాను.

తర్వాత అదే అలవాటైంది. "కిటికీ దాకా పోదామా?" అని అడిగితే, "ఎందుకు తాతా శ్రమ, హాయిగా పడుకో" అనేదాన్ని. నీళ్లు నోటికందించాను, బెడ్‌పాన్ పెట్టాను, ఒళ్లు తుడిచాను. అది సేవ కాదమ్మా, అరగంట మిగుల్చుకోవడం. కోడలు మెచ్చుకుంటుంటే తల వంచుకుని విన్నాను. పది రోజులు, ముప్పై దొంగ టిక్కులు.

సోమవారం ఫిజియో మేడమ్ వచ్చి కాగితం చూసింది. "బాగా నడుస్తున్నారే" అంటూ లేపి నిలబెట్టింది. తాత మోకాళ్లు తడిబట్టలా మడతపడిపోయాయి. ఇద్దరం పట్టుకోబట్టి సరిపోయింది. పిక్కల మీద చర్మం వేలాడుతోంది. మడమ ఎర్రగా కమిలి ఉంది.

"ఎవరు నడిపిస్తున్నారు ఈయన్ని?"

సూపర్‌వైజర్ మీద అంతెత్తున లేచే నేను, వంగి తాత మడమ కింద దిండు సర్దడం మొదలుపెట్టాను.

తాతే అన్నాడు. "ఈ పిల్లే నడిపిస్తోందమ్మా. బద్ధకించింది నేను. షెడ్డులో పెట్టిన బండి కదా, బ్యాటరీ దిగిపోయింది."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మనుషులు చాలరన్నది నిజం, దాని కోసం రేపు కూడా పోట్లాడతాను. కానీ టిక్కు పెట్టింది సూపర్‌వైజర్ కాదు, నా చెయ్యి.

మర్నాడు పొద్దున్నే హెడ్ నర్సుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముప్పై టిక్కుల చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, కింద నాచేత సంతకం పెట్టించింది. "ఇక టిక్కులొద్దు. ఎన్ని అడుగులు వేశాడో లెక్కపెట్టి అంకె రాయి" అంది. కోడలికి కూడా నేనే చెప్పాను. ఆమె విని, తాత దుప్పటి సర్దింది. ఈసారి నా చేతులు మాత్రం పట్టుకోలేదు.

నిన్న తాత మూడు అడుగులు వేశాడు. మళ్లీ కిటికీ దాకా వెళ్తాడో లేదో ఫిజియో మేడమ్ చెప్పలేకపోయింది.

అమ్మా, చెల్లి మీ డాక్టరు చెప్పినట్టే చేసింది. చెడగొట్టింది నేను. పడుకుని ఉన్న కాళ్లు మిషన్ తొక్కలేవు. ఇవాళే డాక్టరుకు చూపించి, మళ్లీ మొదలుపెట్టండి. ఒంటరిగా లేవకు. ముందు మంచం అంచున కాసేపు కూర్చో. చెల్లి పక్కనే ఉండాలి, ఎత్తకూడదు. నొప్పెడితే తిట్టు, కానీ దాన్ని కాదు, నన్ను.

దానికి విడిగా రాసే ముఖం నాకు లేదు. ఇదే చదివి వినిపించు. నీ మంచం నుంచి మిషన్‌కు తొమ్మిది అడుగులు. చిన్నప్పుడు దారం ఉండలు అందిస్తూ నేను లెక్కపెట్టినవే. ఈ ఉత్తరాన్ని నువ్వే నడిచి తీసుకెళ్లి మిషన్ మీద పెట్టాలి. ఇవాళ చేరకపోతే రేపు. ఎన్ని అడుగులు వేశావో జవాబులో అంకె వేసి పంపు. ఒకటైనా సరే, ఒకటనే రాయి.

ఇట్లు,
నీ పెద్దకూతురు