వాకిట్లో కీబోర్డు

ఆర్మూర్, 2006

పద్మలత టీచరమ్మకు నమస్కారం.

కంప్యూటర్ ముట్టాలంటే మేము భయపడుతున్నమని, మీరు మా వాకిట్ల ముగ్గుతో కీబోర్డు గీసిండ్రు. అక్షరాల మీద అడుగులేసి పేర్లు రాయడం నేర్పిండ్రు. నిన్న మీ బీఎడ్ కాలేజీ సారు అది చూసి మీకు మార్కులు వేసేది ఉండె. పొద్దుగాల మా అత్తమ్మ, "పాత ముగ్గు ఉంచుతరా? ఊడ్చి సాన్పు సల్లు" అన్నది. నా చేతులతోనే ఊడ్చి పేడనీళ్లు చల్లిన.

సారు అడిగితే "నేనే గీయలేదు సార్" అని తప్పు మీ మీద వేసుకున్నరు. అప్పుడు కూడా నేను తలుపు చాటునే నిలబడ్డ.

ఇయ్యాల మళ్లా గీసిన. అత్తమ్మ చీపురు పట్టుకుంటే, "వద్దత్తమ్మా, అది టీచరమ్మ పరీక్ష" అన్న. జర సారును ఇంకోసారి తోలుకరండి. అత్తమ్మ గొణుక్కుంటనే ముగ్గు తొక్కకుండ గోడ పక్క నుంచి నడుస్తున్నది.

మీ దగ్గర నేర్చుకునే,
నాగేందర్ భార్య